చేనికి మేత

నాలుగు వందల పది అయింది. మొత్తం రెండు వేలు. ఇటరేషన్ అనాలి దాన్ని, క్లాసులో అలాగే అంటారు, కానీ మీనాకుమారి మనసులో మాత్రం అది తిరగలి తిప్పడమే. ఒక్కో తిప్పుకి రెండు సెకన్లకి కాస్త తక్కువ, అంటే ఇంకా ముప్పావుగంట పైమాటే. పన్నెండూ ముప్పావుకి మొదలుపెట్టింది. రెండింటికి కరెంటు తీసేస్తారు, యూపీయస్ పోయి నెలైంది, మధ్యలో పోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలు. రాజమండ్రి ఎండ మార్చి ఆఖరికే కిటికీ అద్దాల మీద కూర్చుంది. ల్యాబులో మిగతా పదకొండు కంప్యూటర్లకీ గుడ్డలు కప్పి ఉన్నాయి, అందరూ భోజనాలకి పోయారు. పక్క కుర్చీలో సంచి, సంచిలో మెరూన్ రంగు రెక్సిన్ అట్టలతో నాలుగు బైండు కాపీలు, వాటి మీద బంగారు అక్షరాలతో తన పేరు. సాయంత్రం నాలుగింటిలోగా ఆ నాలుగూ ఎగ్జామినేషన్ సెక్షన్‌లో ఇచ్చేస్తే రెండేళ్ళ చదువు ఒడ్డున పడుతుంది. ఇవ్వడమే మిగిలింది, సంతకాలతో సహా అన్నీ అయిపోయాయి. అయితే అందులో ఉన్న పటం తప్పని ఆదివారం నుంచీ తనకి తెలుసు. ఇవాళ గురువారం. ఈ నాలుగు రోజుల్లో ఎవరికీ చెప్పలేదు, హాస్టల్ గదిలో ఉండే అమ్మాయికి కూడా.

చెప్పడానికైనా ఓపిక ఉండాలి కదా. ముప్ఫయ్యొకటో ఏట, సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగానికి రెండేళ్ళు స్టడీ లీవు పెట్టి, తనకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాళ్ళ మధ్య ముందు బెంచీలో కూర్చుని, రిమోట్ సెన్సింగూ జియోయిన్ఫర్మేటిక్సూ అని నోరు తిరగని పేరున్న ఎం.టెక్ చదవడం అంటే మాటలా. నరసాపురంలో నాన్న కొట్టుకొచ్చినవాళ్ళు మీ అమ్మాయేం చదువుతోందండీ అనడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, ఆకాశంలోంచి ఫొటోలు తీస్తుందండి అనేవాడు. అంతకన్నా తేలిగ్గా తనైనా చెప్పలేదు. ఆ ఫొటోలు చూసి ఇది వరి, ఇది కొబ్బరి, ఇది చెరువు, ఇది ఊరు, ఇది ఇసక అని కంప్యూటరు తనంతట తను చెప్పేలా దానికి చదువు నేర్పడం తన పని. న్యూరల్ నెట్‌వర్క్ అంటారు. మనిషి బుర్రలాగే ఆలోచిస్తుందని పుస్తకాలన్నీ రాస్తాయి. ఏం ఆలోచిస్తుందో ఏమో గానీ, చెప్పిన మాట ఎదురాడకుండా వినడంలో మాత్రం దాన్ని మించింది లేదు. ఇది వరి అని చూపిస్తే వరి. అదే రెండు వేలసార్లు. నిజమేనా అమ్మా, నువ్వు చూశావా అని ఒక్కసారి అడిగిన పాపాన పోదు. నాలుగు వందల అరవై.

తొంభై మూడు పాయింట్ ఆరు వచ్చింది మొదటిసారి. కంప్యూటరు చెప్పింది నేల మీద ఉన్నదానితో నూటికి తొంభై మూడున్నర పైగా సరిపోయిందని లెక్క. గైడు గున్నేశ్వరరావు గారు ఆ అంకె చూసి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. ఆయనకి యాభై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, ఏడుగురు స్టూడెంట్లు, ఏడుగురివీ ఒకే కంప్యూటర్ల మీద తంటాలు. "ఇంత వచ్చిందేంటమ్మా? మనూళ్ళో ఎవరికీ ఎనభై ఐదు దాటలేదు" అన్నారు. ఆ రోజు ఆయన తన టిఫిన్ డబ్బాలోంచి గారె తీసి ఇచ్చారు. ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆఫీసులో ఎవరూ మీనాకుమారి పనికి అంత ఆనందపడలేదు.

ఉపగ్రహం పంపిన బొమ్మలో పచ్చని పైరు ఎర్రగా కనపడుతుంది, నీళ్ళు నల్లగా కనపడతాయి. మొదట్లో అది అలవాటు కాక కళ్ళు మండేవి. కోనసీమంతా రక్తం ఒలికినట్టు ఎర్రగా, మధ్యలో గోదావరి పాయలు నల్లగా. తన బొమ్మ పోయిన ఏడాది జనవరిది, దాళ్వా, అంటే రెండో పంట, నాట్లు పడే రోజులు. నాట్లప్పుడు చేలన్నీ నీళ్ళతో నిండి ఉంటాయి, అందుకని చేను కూడా నల్లగానే కనపడుతుంది, చెరువూ నల్లగానే కనపడుతుంది. ఈ రెండు నలుపుల్నీ విడదీయడమే తన థీసిస్. మామూలు పద్ధతుల వల్ల కాదు, న్యూరల్ నెట్‌వర్క్ వల్ల అవుతుందని నూట ఇరవై పేజీలు రాసింది. అయింది కూడా. మొగల్తూరు చుట్టుపక్కలంతా చేపల చెరువులే కదా అని ఎవరైనా అంటే, లేదండి, మీరనుకున్నంత లేవు, నూటికి తొమ్మిది పాళ్ళే, మిగతాదంతా నీళ్ళు పెట్టిన వరి చేను అని పటం తీసి చూపించేది. ఎంత ధీమాగా చూపించేదో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఐదు వందల ముప్ఫై. ఫ్యాను కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. ఆఫీసులో ఉన్నప్పుడు తప్పు చేస్తే ఎంత సుఖంగా ఉండేదో. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు గీత పక్కకి పోతే, బ్లేడుని రెండుగా విరిచి సగం ముక్కతో నెమ్మదిగా గీకేయడమే, కాగితం చిరగకుండా, ఊపిరి బిగబట్టి. గీకిన చోట గరుగ్గా తెలిసేది, వేలితో తడిమితే ఇక్కడ తప్పు జరిగిందని వచ్చేవాళ్ళకి కూడా తెలిసేది. ఎంత గీకినా ఆ చోటు మాత్రం పోయేది కాదు, పై ఆఫీసరు వెలుతురుకి పెట్టి చూసి, ఇదేంటమ్మా అంటే, పొరపాటున పడిందండి, సరిచేశానండి అనేది. అంతటితో అయిపోయేది. ఇక్కడ ఏ గీతకీ మచ్చ ఉండదు. పటం నున్నగా, రంగురంగులుగా, తప్పుతో సహా మెరుస్తూ వస్తుంది. సంచిలో నాలుగు ప్రతుల్లోనూ అరవై ఏడో పేజీలో అలాగే ఉంది, ఆర్ట్ పేపరు మీద.

అరవై ఏడో పేజీలో మొగల్తూరు వెళ్ళిన ఆ రోజు ఎండ లేదు. పోయిన ఏడాది ఫిబ్రవరి ఎండే గానీ దానికేం తక్కువ లేదు. కంప్యూటరుకి చదువు చెప్పాలంటే ముందు మనం చూసి రావాలి, పటంలో రెండు వందల చోట్ల గుర్తు పెట్టుకుని, ఆ చోట్లకి వెళ్ళి, అక్కడేముందో రాసుకోవాలి. గ్రౌండ్ ట్రూత్ అంటారు. నేల మీది నిజం. గున్నేశ్వరరావు గారు ఆ మాట చెప్పేటప్పుడు చూపుడు వేలితో బల్ల మీద కొట్టి చెప్తారు, దిగి చూడాలమ్మా, దిగి చూడాలి అని. నూట ముప్ఫై ఎనిమిది చోట్ల దిగి చూసింది. మలికిపురంలో కొబ్బరి తోటలో దిగింది, పేరుపాలెం ఇసకలో దిగింది, పాలకొల్లు దగ్గర నడుం లోతు గడ్డిలో దిగింది. ఆఖరి రోజు మొగల్తూరు వైపు. అరవై రెండు చోట్లు మిగిలాయి, ఆటో మాట్లాడుకుంది, ఆటో అచ్చిబాబు మూడింటికల్లా భీమవరంలో పెళ్ళి బేరం ఉందండీ అని పొద్దున్నుంచీ గడియారం చూపిస్తూనే ఉన్నాడు. కాలికి ముందు రోజే ముల్లు గుచ్చుకుని వాచింది. గట్ల మీద నడక అలవాటు లేదు, పుట్టి పెరిగింది కొట్టు వెనకాల ఇంట్లో, బస్తాల మధ్య. జారితే ఎవరు పట్టుకుంటారు? అందుకని రోడ్డు మీదే ఆటోలో కూర్చుని, అట్ట మీద పటం పెట్టుకుని, అరుగు మీదో వాకిట్లోనో ఉన్నవాళ్ళని అడగడం మొదలుపెట్టింది. "ఏవండీ, ఆ కనపడేది చేనాండీ, చెరువాండీ?" చేనేనండి. మీదేనా అండీ? మాదేనండి. రాసుకుంది. వరి. తర్వాతి చోటు. చేనేనండి. వరి. పటంలో నూట పదిహేడో నంబరు దగ్గర పాపాయమ్మ గారని ఒకావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి, అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "మా చేనమ్మా. అదిగో, ఆ కొబ్బరి మొక్కల అవతల. మా మావగారి నాటిది" అని చింతపండు చెయ్యి చాపి చూపించింది. మజ్జిగ తాగి వెళ్ళమంది కూడా. మజ్జిగ తాగింది, ఎండలో ప్రాణం లేచొచ్చింది. ఆ కొబ్బరి మొక్కల దాకా ఎంత దూరం, మహా అయితే వంద అడుగులు. లేచి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని ఇప్పుడెవరైనా అడిగితే చెప్పడానికి పెద్ద కారణమేం లేదు. అలిసిపోయింది, అంతే.

అచ్చిబాబుకి పెళ్ళి బేరం దొరికింది. తనకి తొంభై మూడు పాయింట్ ఆరు దొరికింది.

ఏడు వందల ఎనభై. ఒక్కసారి లైటు మిణుక్కుమంది. మీనాకుమారి కుర్చీలోంచి లేచిపోయింది. స్క్రీన్ ఒక్క క్షణం వణికి నిలబడింది. ఏడు వందల ఎనభై ఒకటి. తలుపు దగ్గర అటెండరు ముసలయ్య తొంగి చూశాడు. పేరే ముసలయ్య గానీ నలభై కూడా లేవు. "భోజనానికెళ్ళలేదాండి? ఇయ్యాల ఇచ్చేస్తున్నారంట కదా, స్వీట్లెప్పుడండి?" అన్నాడు. నవ్వింది. ముఖం నవ్వడానికి ఒప్పుకోకపోయినా నవ్వింది. అతను కూజాలోంచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, "కరెంటు రెండింటిదాకా ఉంటదండి, లైన్‌మేన్‌ని అడిగాను, కంగారు పడకండి" అని వెళ్ళిపోయాడు. ఎవరో ఒకరు కంగారు పడొద్దని చెప్పేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత చిన్న మాటకేంటి ఇది అని తనకే చిరాకేసింది, నీళ్ళు తాగేసి మళ్ళీ కూర్చుంది.

ఆదివారం మొగల్తూరు వెళ్ళకపోయినా సరిపోయేది. బైండింగుకి శనివారమే ఇచ్చేసింది. వైవా రోజున స్లైడుల్లో చూపించడానికి ఈనబోతూ పొట్ట మీదున్న దాళ్వా వరి ఫొటో ఒకటి కావాలమ్మా అని గున్నేశ్వరరావు గారు అన్నారు, ఆయన కెమెరాయే ఇచ్చారు. ఎక్కడో ఎందుకు, పాపాయమ్మ గారి చేను దగ్గరే తీద్దాం, ఆవిణ్ణి కూడా పక్కన నిలబెట్టి తీద్దాం, మజ్జిగ రుణం తీరుతుంది అనుకుని రెండు బస్సులు మారి వెళ్ళింది. వాకిట్లో ఆవిడ కొడుకు దొరబాబు టీవీయస్ బండి మీద బస్తా కట్టుకుంటున్నాడు. తవుడు బస్తా. "రండి మేడం గారూ, అమ్మ చెప్పింది మీ గురించి. చేనికేనా? నేనూ చేనికే ఎల్తున్నానండి. మేతెయ్యాలి" అన్నాడు.

మొదట నవ్వొచ్చింది. కొట్టు పిల్లనని ఆట పట్టిస్తున్నాడనుకుంది. "చేను మేత తింటుందాండీ?" అంది.

"మా చేను తింటదండి" అన్నాడతను నవ్వుతూ, తాడు బిగిస్తూ. "రోజుకి రెండు బస్తాలు తింటది. వచ్చే నెల్లో పట్టుబడి."

కోతలు అనలేదు. పట్టుబడి అన్నాడు. వరిని పట్టరు, చేపని పడతారు. అతని వెనకాలే నడిచింది. వంద అడుగులే. కొబ్బరి మొక్కల అవతల ఎత్తైన గట్టు, గట్టెక్కితే నీళ్ళు, ఎకరంన్నర మేర ఆకుపచ్చగా చిక్కటి నీళ్ళు, మధ్యలో గుంజలకి వేలాడదీసిన మేత సంచులు, వాటి చుట్టూ బుడగలు. కుడివైపు చెరువు, ఎడంవైపు చెరువు, ఆ వెనకాల చెరువు. తవ్వి నాలుగేళ్ళైందట. అంటే తన బొమ్మ తీసేనాటికి మూడేళ్ళు. చుట్టుపక్కలన్నీ తవ్వేశాక మధ్యలో వీళ్ళ చేనులోకి ఉప్పు ఊట దిగి రెండు పంటలు ఎర్రబారి పోయాయట, ఇంక చేసేదేం లేక గుత్తకిచ్చేశారట. గుత్తదారుడు భీమవరంలో ఉంటాడు. దొరబాబు తన నేలలోనే అతని చేపలకి మేతేసే కూలికి వెళ్తున్నాడు.

తిరిగొచ్చాక పాపాయమ్మని అడిగింది. కోపంగా అడగలేదు, కోపం తెచ్చుకునే హక్కు ఎక్కడుంది? "పిన్నిగారూ, అప్పుడు నేనొచ్చినప్పుడు చేను అన్నారు కదండీ?"

"చేనే కదమ్మా" అంది ఆవిడ, నిజంగా అర్థంకాక. "చెరువు ఆ భీమవరం ఆయనదమ్మా. నేల మాది. మాదాన్ని చేను అనక ఏవంటారు?"

"ఇక్కడందరూ అలాగే అంటారాండీ?"

"అందరం అంతేనండి" అన్నాడు దొరబాబు, బస్తా దులుపుతూ. "చేనికెల్తన్నాం అంటాం. పట్టా పుస్తకంలో కూడా మెరక, పల్లం అనే ఉంటదండి, చెరువని ఎక్కడుంటది?"

వెయ్యి దాటింది. సగం. ఎర్రర్, అంటే తప్పుల లెక్క, దిగుతోంది, కానీ ఇదివరకటిలా జారుడుబల్ల మీంచి జారినట్టు కాదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లు దిగినట్టు దిగుతోంది. అరవై రెండు చోట్లనీ తీసేసి, దిగి చూసిన నూట ముప్ఫై ఎనిమిదితోనే నేర్పిస్తోంది ఇప్పుడు. ఆ అరవై రెండులో ఏది చేనో, ఏది చెరువో తనకి తెలీదు. పాపాయమ్మది ఒక్కటే తెలుసు. కొన్ని నిజంగా వరే అయ్యుండొచ్చు. అందులోంచే కొన్నిటిని పక్కకి తీసి కంప్యూటరుకి పరీక్ష పెట్టింది కూడా తనే. తప్పు పాఠం చెప్పి, తప్పు ప్రశ్నపత్రం ఇచ్చి, తప్పు జవాబుకి మార్కులేసింది. తొంభై మూడు కాక ఎంతొస్తుంది? అది పాపం చాలా బాగా నేర్చుకుంది. పాపాయమ్మ చెరువుని చూసి చేను అనడం నేర్చుకుంది. మొగల్తూరు వాళ్ళందరూ మాట్లాడినట్టే మాట్లాడటం నేర్చుకుంది. దానికి ఇంక పాస్ మార్కులు కాదు, ఆ ఊళ్ళో రేషన్ కార్డు ఇవ్వాలి.

తెలియాల్సింది తనకే. నాన్న కొట్లో తను కాలేజీకెళ్ళే రోజుల్లో యూరియా బస్తాలు గోడ పొడుగునా ఉండేవి, జూలైలో ఆ వాసనకి కళ్ళు మండేవి. ఆ తర్వాత ఎప్పుడు తగ్గాయో గమనించలేదు. సెలవులకి వెళ్ళినప్పుడల్లా అటు తవుడు, ఇటు వేరుశనగ చెక్క, పైన నైలాను వలలు, సున్నం. ఏంటి నాన్నా, ఎరువులు అమ్మటం లేదా అంటే, ఎవరు కొంటారమ్మా అన్నాడాయన. ఆ మాట విని, సరేనని, అన్నం తిని, కంప్యూటరు ముందుకొచ్చి కూర్చుని, నూటికి తొమ్మిది పాళ్ళు చెరువులు అని రాసింది. ఆకాశంలోంచి చూసి. నాన్న కొట్లో గోడ చూసినా సరిపోయేది.

ఇచ్చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే భయం. ఎవరూ పట్టుకోరు. పట్టుకోగలిగినవాళ్ళు రోజుకి రెండు బస్తాలు మేత వేసుకుంటూ అక్కడున్నారు, వాళ్ళు థీసిస్‌లు చదవరు. చెప్తే ఏమవుతుందో మాత్రం వరసగా తెలుసు. ఈ నెలాఖరుకి సెలవు అయిపోతుంది, ఒకటో తారీఖున ఆఫీసులో సంతకం పెట్టాలి, మళ్ళీ సెలవు ఇవ్వరు. అరవై రెండు చోట్లు తిరగాలంటే ఎన్ని ఆదివారాలో. థీసిస్ లేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే రెండేళ్ళూ వృథా పోయినట్టే, ఆఫీసులో అందరూ ఏంటమ్మా చదువైపోయిందా అని అడుగుతారు, అడిగినవాళ్ళకల్లా చెప్పుకోవాలి. ఒక్కొక్కళ్ళకి చెప్పుకోవడం తలుచుకుంటేనే వెన్ను లాగేస్తోంది. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తడం ఎలాగూ మానేశారు, ఇప్పుడు చదువు మాట ఎత్తడం కూడా మానేస్తారు. నిద్రపోవాలనుంది. ఈ బల్ల మీదే తల పెట్టుకుని, ఎవరో వచ్చి నాలుగు కాపీలూ తీసుకెళ్ళి ఇచ్చేస్తే, లేచేసరికి అయిపోతే ఎంత బాగుండును. తప్పు చేసింది కూడా ఇలాంటి ఒంటితోనే. ఆ రోజు వంద అడుగులు నడవలేదు, ఇవాళ పక్కనే ఉన్న గున్నేశ్వరరావు గారి గదిలోకి పది అడుగులు నడవడం లేదు.

పదిహేను వందలు. పదహారు వందలు. మధ్యలో కునుకు పట్టిందేమో, తల ముందుకి తూలి మెలకువొచ్చేసరికి పంతొమ్మిది వందల తొంభై రెండు. గుడ్లప్పగించి చూసింది. రెండు వేలు. కంప్యూటరు గుర్రుగుర్రుమని పట్టిక పడేసింది. డెబ్బై ఒకటి పాయింట్ రెండు. ఆ కింద, చెరువులు: నూటికి ముప్ఫయ్యొకటి. పటం పైనుంచి కిందకి ఒక్కో వరసా గీసుకుంటూ వస్తోంది. పాలకొల్లు పచ్చగా వచ్చింది, రాజోలు పచ్చగా వచ్చింది. నరసాపురం దాటాక నీలం మొదలైంది. అక్కడొకటి, ఇక్కడొకటి, తర్వాత గుంపులు గుంపులుగా, మొగల్తూరు దగ్గరకొచ్చేసరికి మధ్యమధ్య ఆకుపచ్చ చుక్కలే మిగిలాయి. ఇది కూడా పూర్తిగా నిజం కాదు, ఆ మాట డెబ్బై ఒకటే చెప్తోంది. కానీ ఇది తను ఆదివారం గట్టెక్కి చూసిన ఊరులా ఉంది. మొదటిది తను ఆటోలో కూర్చుని విన్న ఊరు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా? ఇచ్చేశావా?" గున్నేశ్వరరావు గారు భోజనం చేసి, చేతులు తుడుచుకుంటూ, మోకాలు పట్టుకుని లోపలికొచ్చారు.

"లేదండి."

స్క్రీన్ వైపు వంగి చూశారాయన. "ఇదేంటి డెబ్బై ఒకటి? ఎవరిదిది?"

"నాదేనండి." ఇంక ఆగితే నోరు పెగలదని గబగబా చెప్పేసింది. "అరవై రెండు చోట్ల నేను దిగి చూడలేదండి. రోడ్డు మీదే ఆటోలో కూర్చుని అడిగానండి. వాళ్ళు చేను అన్నారు, నేను వరి అని రాసేశానండి. అక్కడ చెరువుని కూడా చేనే అంటారండి. ఆదివారం తెలిసింది."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. స్క్రీన్ మీది నీలాన్ని పైనుంచి కిందకి చూశారు. తిడితే బాగుండుననిపించింది. "ఎందుకు దిగలేదు?" అన్నారు చివరికి.

"అలిసిపోయానండి."

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. "నేను సంతకం పెట్టేశానమ్మా. హెచ్.ఓ.డి. గారు పెట్టేశారు. ఎక్స్‌టర్నల్ గారికి తొంభై మూడని ఫోన్లో చెప్పాను కూడాను. ఇది చదివేదెవరు చెప్పు? లైబ్రరీలో బీరువాలో పెడతారు, తాళం వేస్తారు, అంతే."

"నాకు తెలుసు కదండీ."

"నాకు కూడా తెలిసేలా చేశావు" అన్నారాయన, కాస్త కోపంగానే. ఆ కోపం చూస్తే మీనాకుమారికి ఊపిరాడింది. "నీ సెలవు ముప్ఫయ్యొకటితో సరి కదా. పొడిగిస్తారా?"

"పొడిగించరండి. ఆదివారాలు వెళ్తానండి."

"వెళ్ళి? మళ్ళీ చేనేనండి అంటారు. ఏమని అడుగుతావు?"

"అడగనండి. గట్టెక్కి చూస్తాను. చెరువైతే ఎప్పుడు తవ్వారో మాత్రం అడుగుతాను. మన బొమ్మ నాటికి ఉందా లేదా అని."

ఆయన మీనాకుమారి సంచిలోంచి పై కాపీ తీశారు. సంతకాలున్న సర్టిఫికెట్ పేజీ వెతికి, మడత దగ్గర గోటితో గీరి, జాగ్రత్తగా చింపారు. నాలుగు కాపీల్లోంచీ చింపి, నాలుగు కాగితాలూ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "సెప్టెంబరులో మళ్ళీ ఇద్దువుగాని, చూద్దాం. అప్పటికి నన్నిక్కడ ఉంచుతారో, ఏ విశాఖపట్నమో పంపించేస్తారో. ఉంటే చూద్దాం" అన్నారు. తలుపు దాకా వెళ్ళి ఆగారు. "డెబ్బై ఒకటంటే తక్కువేం కాదులే, ఇంటికెళ్ళి పడుకో" అని వెళ్ళిపోయారు.

గుండెల మీంచి ఏదో దిగిపోతుందనుకుంది. దిగలేదు. ఒళ్ళంతా అంతే నొప్పిగా ఉంది, పైగా ఆకలి. పడుకోవడానికి వెళ్ళే ముందు ఒక్క పని మాత్రం ఇక్కడే చేయగలదు, ఒక్క చోటే తనకి కచ్చితంగా తెలుసు. తీసేసిన అరవై రెండు చోట్ల ఫైలు తెరిచింది. అన్నీ అంకెలే. వరికి ఒకటి, కొబ్బరికి రెండు, చెరువుకి మూడు, ఊరికి నాలుగు, ఇసకకి ఐదు. నూట పదిహేడు ఎదురుగా ఒకటి ఉంది. పైకి కిందకి చూసింది. నేల ఒకరిదీ నీళ్ళు ఒకరివీ అయినదానికి ఈ ఐదింటిలో అంకె లేదు. మావగారి నాటిదానికి లేదు. ఉప్పు ఊట దిగి ఎర్రబారి పోయినదానికి లేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, తను రాసిందే అబద్ధం. ఇప్పుడు నిజం రాస్తుంటే ఆవిడ చేతిలోది లాక్కుంటున్నట్టుంది. ఈ నాలుగు రోజులూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఖాళీ ల్యాబులో "ఏమనుకోకండి పాపాయమ్మ గారూ" అని పైకే అని, మీనాకుమారి ఒకటి చెరిపేసి మూడు వేసింది.